ఒక్క కమాండు, రెండు పెళ్లిళ్లు

ఒకే రోజు, ఒకే ముహూర్తానికి, ఒకరి ముఖం ఒకరు ఎరగని రెండు పెళ్లిళ్ల చుట్టాలను ఒకే ఫంక్షన్ హాల్లోకి తోలిన ఘనత మా ఇబ్రహీంపట్నం మండలం మొత్తంలో ఒక్కడికే దక్కింది. ఆ ఒక్కడూ నేనే. అందుకు నాకు పట్టిన సమయం నాలుగు సెకన్లు. దాన్ని చక్కదిద్దడానికి నేను పడ్డ పాట్లే ఈ కథ. చదివి హాయిగా నవ్వుకోండి. మా అత్తగారి వైపు వాళ్లకు మాత్రం చూపించకండి. వాళ్లకు నా మీద ఇంకా కాస్త గౌరవం మిగిలి ఉంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. పొద్దున్నే ఆదిభట్ల వైపు వెళ్లే కంపెనీ బస్సులను చూస్తూ, అందులో కూర్చున్నవాళ్లందరి కంటే నాకే ఎక్కువ తెలుసని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి. ఆ తెలిసినదాని పేరు లైనక్స్, కంప్యూటర్‌ను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. కొందరికి దేవుడు పూనుతాడు, నాకు లైనక్స్ పూనింది. బండి మీద దాని గుర్తయిన పెంగ్విన్ బొమ్మ, హెల్మెట్ మీద పెంగ్విన్ బొమ్మ. అమ్మ బీరువా మీద కూడా ఒకటి అంటించాను. ఆమె చాలా రోజులు దాన్ని కాకి అనుకుంది.

ఎవరు దొరికినా వదిలేవాణ్ణి కాదు. "మిగతా కంపెనీలవాళ్లు పచ్చడి ఎట్ల చేసిన్రో చెప్పకుంట సీసాకు సీలేసి అమ్ముతరు. లైనక్సోళ్లు పచ్చడి ఊకెనే ఇచ్చి, ఎట్ల చేసుకోవాల్నో గూడ రాసిస్తరు" అని హయత్‌నగర్ షేర్ ఆటోలో ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఒకసారి పక్కనున్న పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "మామిడికాయదా, చింతకాయదా?" అని అడిగాడు. అయినా నేను తగ్గలేదు.

మా పెద్దమ్మ కూతురు సునందక్కకు బస్టాండు దగ్గర డీటీపీ షాపు ఉంది. జిరాక్సులు, అప్లికేషన్లు, అన్నిటికంటే ముఖ్యంగా పెళ్లికార్డులు. అందరి పెన్ డ్రైవులూ పెట్టిపెట్టి ఆ కంప్యూటర్ వైరస్‌లతో నిండిపోయింది. ఉదయం ఆన్ చేస్తే అక్క టీ తాగి, షాపు ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాక అది మెల్లగా కళ్లు తెరిచేది. ఒకరోజు పెళ్లికార్డుల ఫోల్డరే మాయమైంది. నా లాప్‌టాప్‌లో లైనక్స్ మీద ఆ డిస్క్ పెట్టి ఫైళ్లన్నీ బయటికి తీశాను. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తమ్మీ, నువ్వు మస్తు హుషారున్నవ్‌రా!"

ఆ ఒక్క మాట చాలు. వారం తిరక్కుండా షాపు కంప్యూటర్‌లో ఉన్నదంతా ఊడబెరికి లైనక్స్ ఎక్కించాను. నిజం చెప్పాలి, కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది. అక్క ముఖం మాత్రం వాడిపోయింది.

"నా గోలీల ఆట ఏడవోయిందిరా?"

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆమె ఆడుకునే ఆట అది. రంగు గోలీలు మూడు కలిస్తే పేలిపోతాయి.

"అక్కా, ఆ ఆటలన్నీ మనిషిని బానిసను చేస్తయ్. మనం ఆట ఆడాలె గని ఆట మనల్ని ఆడొద్దు."

"నాకు ఆడాలనే ఉన్నది. అందుకే అడుగుతున్న."

మాట మార్చాను. ఇంకో పెద్ద చిక్కు ఉంది. పెళ్లికార్డులు చేసే పాత సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నడవదు. నేనే కొత్త పద్ధతి కనిపెట్టాను. ప్రతి కార్డులోని అక్షరాలన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. గణపతి బొమ్మ, పూల అంచులు విడిగా ఉంటాయి. రెంటినీ నేను రాసిన ప్రోగ్రామ్ కలుపుతుంది. అక్క నాలుగు రోజులు గొణిగింది గానీ, పని తొందరగా అవుతుండటంతో ఒప్పుకుంది.

ఇక పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. మా షాపులో ఒకే తేదీకి రెండు కార్డులు తయారయ్యాయి. ఒకటి రావిర్యాల దగ్గర వ్యవసాయం చేసే జంగారెడ్డి పెదనాయన కూతురిది. రెండోది గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ సుబ్బారావు గారి అమ్మాయిది. రెండు పెళ్లిళ్లూ సాగర్ రోడ్డు మీదున్న మా ఊరి హాల్లోనే. ఒకే హాలును ఇద్దరికెలా ఇచ్చారని మాలో ఎవరికీ అనుమానం రాలేదు. రెండు ఇళ్లవాళ్లూ అచ్చుకు ముందు కాగితం మీద కార్డు చూసుకుని, పేర్లు సరిచూసుకుని, సరేనన్నారు.

మర్నాడు సుబ్బారావు గారు చెమటలు కక్కుతూ వచ్చారు.

"అమ్మాయ్, ఘోరం జరిగిపోయిందమ్మా. హాలాయన ఒకే రోజు ఇద్దరికిచ్చేశాడంట. మాకు హయత్‌నగర్‌లో వేరే హాలు కుదిర్చాడు. కార్డులో ఆ ఒక్క ముక్కా మార్చాలండి."

"ఫికర్ చెయ్యకున్రి సార్, ఇప్పుడే మారుస్తం" అని అక్క మౌస్ మీద చెయ్యి వేసింది.

"అక్కా, జరుగు" అన్నాను.

ఆ మాట అన్న క్షణాన్ని ఇప్పటికీ తలుచుకుంటాను. ఆమె ఫైలు తెరిచి, రెండు మాటలు చెరిపి, రెండు మాటలు కొట్టేది. అంతే పని. కానీ పక్కన సుబ్బారావు గారు చూస్తున్నారు. కమాండ్లు కొట్టే నల్లటి తెర తెరిచాను. పియానో వాయించేవాడిలా వేళ్లు విరిచి ఒక వరుస కమాండు కొట్టాను. దాని అర్థం ఇంతే: మా ఊరి హాలు పేరు ఎక్కడ కనిపించినా తీసేసి, హయత్‌నగర్ హాలు పేరు పెట్టు. చివర ఏ ఫైల్‌లో మార్చాలో పేరు రాయాలి. అంత పొడుగు పేరు ఎవరు కొడతారని నక్షత్రం గుర్తు పెట్టాను. ఫోల్డర్‌లోని అన్ని ఫైళ్లూ అని దానర్థం.

"అయిపోయిందా బాబూ?" అన్నారు సుబ్బారావు గారు.

"అయిపోయింది సార్. గిదే లైనక్స్ అంటె."

"అబ్బో!" అన్నారాయన. ఆ అబ్బో కోసమే కదా నేను బతుకుతున్నది. ఆ సాయంత్రమే రెండు కార్డులూ సిటీలోని ప్రెస్సుకు వెళ్లిపోయాయి.

పెళ్లికి ఇంకా రెండు రోజులుందనగా జంగారెడ్డి పెదనాయన షాపుకు వచ్చాడు. చేతిలో కార్డు ఉంది.

"సునందా, నా బిడ్డ పెండ్లి ఏడనే?"

"గదేంది పెదనాయినా, మన హాల్లనే గద!"

"మరి గీ కార్డు హయత్‌నగర్ అంటదేందే? మా బామ్మర్ది వియ్యంకుడు ఫోన్ జేసి, హయత్‌నగర్ల ఏడ దిగాల్నని అడుగుతుండు!"

అక్క కార్డు చదివింది. మళ్లీ చదివింది. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"తమ్మీ, ఆ దినం ఏం జేసినవ్?"

"సుబ్బారావు సార్ కార్డే మార్చినక్కా."

"గదొక్కటేనా?"

కొట్టిన కమాండ్లన్నీ లైనక్స్ వరుసగా గుర్తు పెట్టుకుంటుంది. అది ఏదీ దాచదని, దాని గొప్పతనమే అదని ఊరంతా చెప్పినవాణ్ణి నేనే. పైబాణం మీట నొక్కుతూ వెనక్కి వెళ్లాను. కనిపించింది. వరుస చివర ఆ నక్షత్రం నన్ను చూసి మిలమిలలాడుతోంది.

"మిషన్‌ల ఏమన్న తప్పయిందా బిడ్డా?" అన్నాడు పెదనాయన పాపం.

అవునంటే బయటపడేవాణ్ణి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ రెండేళ్లుగా నేను చేతులు జోడించిన దాని మీదే నింద వెయ్యడానికి నోరు రాలేదు.

"మిషన్ తప్పు లేదు పెదనాయినా. నేనే చేసిన."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జిరాక్సు మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఒక్కతే బిడ్డరా నాకు. ఆరు నూర్ల కార్డులు సదువకుంటనే పంచిన. చుట్టాలు లేకుంట పిల్లను పీటల మీద కూసోబెట్టాల్నా?"

అక్క ఆయనకు మంచినీళ్లిచ్చి, నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "ఇన్నేండ్లు వైరస్ పెన్ డ్రైవులల్ల వస్తదనుకున్న. బండి మీద గూడ వస్తదని ఇయ్యాలనే ఎరుకైంది."

ఆ రెండు రోజులూ నా చెవికి ఫోను అతుక్కుపోయింది. "నమస్తే, పెండ్లి హయత్‌నగర్‌ల కాదు, ఇబ్రహీంపట్నంల" అని ఎన్నిసార్లు చెప్పానంటే, అమ్మ ఫోన్ చేసి ఎక్కడున్నావంటే కూడా అదే చెప్పాను. వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టించాం. పది నిమిషాల్లో అది గులాబీపూల శుభోదయాల కింద కూరుకుపోయింది. ఒకాయనైతే "ఇట్లాంటి ఫేక్ ముచ్చట్లు నమ్మకున్రి, అసలు కార్డు నా దగ్గరున్నది" అని కార్డు ఫోటో తీసి మరో నాలుగు గ్రూపులకు పంపాడు.

పెళ్లిరోజు పొద్దున్న జంగారెడ్డి పెదనాయన ఒక డీసీఎం వ్యాను కుదిర్చి నాకు అప్పగించాడు. నా డ్యూటీ హయత్‌నగర్ హాలు గేటు దగ్గర. తప్పిపోయి వచ్చినవాళ్లను పట్టుకుని వ్యాను ఎక్కించాలి. పెదనాయన చుట్టాలను నేనెలా గుర్తుపట్టాలి? మాట తీరును బట్టి గుర్తుపట్టాను. "ఏమండీ, భోజనాలెటు?" అంటే లోపలికి. "బువ్వ ఏడ?" అంటే వ్యానులోకి.

కొందరు నాకు దొరక్కుండా లోపలికి వెళ్లి టిఫిన్ల దగ్గర కూర్చున్నారు. వెళ్లి బతిమాలాను.

"అమ్మా, ఇది మన పెండ్లి గాదు."

"తెల్సు బిడ్డా" అంది ఒక పెద్దమ్మ పెసరట్టు తుంచుతూ. "ఆడ యాట కూర ఉన్నదా?"

"ఉన్నదమ్మా, మటనే వండుతున్రు."

"అయితె గిది తిని అస్త."

పదిన్నర కావస్తుండగా పెదనాయన నుంచి ఫోన్.

"శ్రీకాంతూ, లచ్చిరెడ్డి బావ గిట్ల కనవడ్డడా? పిల్ల మేనమామరా! దేవరకొండ దిక్కుకెళ్లి పొద్దుగాల్నే బయలెల్లిండు. ఫోన్ కలుస్తలేదు. ఆయన మట్టెలు తేవాలె, ఆయన రాంది పిల్ల లోపట్నుంచి లేస్తలేదు. ఏడుస్తున్నది!"

హాల్లోకి పరిగెత్తాను. మండపానికి ఎదురుగా మొదటి వరసలో, రుమాలు చుట్టుకుని, ఒళ్లో వెండి పళ్లెంతో నిండుగా కూర్చున్న పెద్దమనిషి కనిపించాడు. ఆయనకు ఒక పక్క సుబ్బారావు గారి తమ్ముడు విసనకర్రతో విసురుతున్నాడు. ఇంకో పక్క ఎవరో గ్లాసులో మజ్జిగ పట్టుకుని నిలబడ్డారు. ఆయన మగపెళ్లివారి పెద్దని వీళ్లు, ఈ మర్యాదలన్నీ జంగారెడ్డి బావ చేయించాడని ఆయన అనుకుంటున్నారు!

"మామా, నువ్వు లచ్చిరెడ్డి మామవేనా?"

"అవ్. నువ్వెవరు?"

"మామా, లే. ఇది నీ మేనకోడలి పెండ్లి గాదు. మీది ఇబ్రహీంపట్నంల!"

ఆయన మండపంలో పెళ్లికూతుర్ని ఒకసారి ఎగాదిగా చూశాడు.

"గందుకేనా! రెండేండ్లాయె మా పిల్లను సూడక. ఇంత పొడుగెప్పుడైందా అనుకున్న. ఎత్తు చెప్పులేసుకున్నదేమో అని ఊకున్న."

"నడువు మామా, ముహూర్తం దగ్గరికొచ్చింది!"

"జర ఆగు. పిల్ల కాళ్లు మొక్కింది, ఊకె ఎట్ల లేస్త?" అని లేచి, మండపం దగ్గరికి వెళ్లి, ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి నిండు మనసుతో దీవించి మరీ వచ్చాడు. సుబ్బారావు గారు గేటు దాకా వచ్చి నమస్కారం పెట్టారు. "భోజనం చెయ్యకుండా వెళ్లిపోతున్నారేంటండీ, ఏమైనా లోటు జరిగిందా?" అని కంగారుగా అడిగారు. చెప్పే తీరిక లేక నేను మామను నా బండి ఎక్కించి లాగించాను.

కోహెడ మీదుగా వచ్చాం. గుంతలు నావి, కేకలు మామవి. వెనక కూర్చుని ఒక చేత్తో నా చొక్కా, ఇంకో చేత్తో పళ్లెం పట్టుకున్నాడు. దారి పొడుగునా ఒకటే ప్రశ్న.

"గిదంత ఎట్లయింది కొడుకా?"

"కంప్యూటర్‌ల ఒక సుక్క గుర్తు వెట్టిన మామా."

"ఒక్క సుక్కకే ఇంతనా? రెండు వెడితే ఏమైతుండె?"

ఆయనకు తెలియదు గానీ, అది చాలా లోతైన ప్రశ్న.

ముహూర్తానికి ఐదు నిమిషాల ముందు మా ఊరి హాలు ముందు బండి ఆపాను. పెళ్లికూతురు గడప దగ్గరే నిలబడి ఉంది. మామను చూడగానే ఏడుస్తూనే నవ్వేసింది. ఆయన పళ్లెం ఒక చేతిలోకి మార్చి ఆమెను దగ్గరికి తీసుకుని, ఆమె కన్నీళ్లు ఆగకముందే చెప్పాడు: "నువ్వు పెరగకపోతివి, నాకు గదే మంచిగనిపించింది." ఎవరికీ అర్థం కాలేదు. భజంత్రీలు మోగాయి. జంగారెడ్డి పెదనాయన నా దగ్గరికి వచ్చాడు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. భుజం మీద చెయ్యి పడింది.

"తిన్నవా?"

లేదన్నాను. ఆయనే తీసుకెళ్లి పంక్తిలో కూర్చోబెట్టి, యాట కూర దగ్గరుండి వేయించాడు. రెండు ముద్దలు తిన్నాక ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందని చెప్పాను.

అక్క కంప్యూటర్‌లో లైనక్స్ అలాగే ఉంది. నేను ఇంటర్నెట్లో వెతికి వెతికి గోలీల ఆట కూడా ఎక్కించి ఇచ్చాను.

ఏడాది తర్వాత అక్క నుంచి ఫోన్ వచ్చింది. సుబ్బారావు గారి మనవడి బారసాల కార్డు తయారైందట. తమ అమ్మాయిని అంత నిండుగా దీవించిన పెద్దమనిషి మగపెళ్లివారిలో ఎవరూ కాదని పెళ్లి వీడియో చూశాక వాళ్లకు తెలిసిందట. వెతికి వెతికి దేవరకొండ అడ్రసు పట్టుకున్నారు. మొదటి కార్డు లచ్చిరెడ్డి మామకే. పిల్లవాడికి పేరు పెట్టాల్సిందీ ఆయనే.

"వచ్చి ఒకసారి చదివి పో తమ్మీ, తప్పులేమన్న ఉన్నయేమో" అంది అక్క.

పొంగిపోయాను. "ఇప్పుడే వస్తున్నక్కా! ఒక్క నిమిషంల..."

"ఆగు. చేతులు రెండూ జేబులల్ల వెట్టుకొని సదువు."

అందుచేత, నా పెంగ్విన్ సాక్షిగా, ఈ కథ చదివే పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో, నన్ను చూసి ఎవరు ఎంత గట్టిగా అబ్బో అన్నా సరే, పరాయివాళ్ల పెళ్లి దగ్గర నా జేబుల్లోంచి చేతులు బయటికి తియ్యను. అక్షింతలు వెయ్యడానికైనా ముందు హాలు పేరు రెండుసార్లు చదువుకుంటాను.