మొదటి ప్లేటు జోజప్ప గారికి

జోజప్ప గారికి నచ్చిన వస్తువంటూ ఈ లోకంలో లేదు. ఒకవేళ ఉంటే అది ఇంకా తిరువూరు దాకా రాలేదు. ఏం చూసినా, ఏం తిన్నా, ఎవరు ఎదురైనా అందులో ఒక లోపం పట్టి, దాన్ని కాగితం మీద పెట్టి, కింద సంతకం చేసి తేదీ వేస్తే తప్ప ఆయనకి అన్నం అరగదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగం నుంచే, చెకింగ్ నుంచి కాదు. వీడ్కోలు సభలో మెడలో దండ వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "బంతిపూలు నిన్నటివి, కావాలంటే వాసన చూడండి" అన్నారట. చర్చిలో ఫాదర్ గారి ప్రసంగం పన్నెండు నిమిషాలు ఎక్కువైందని చీటీ రాసి కానుకల సంచిలో వేశారట. ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నారండీ అని వాళ్లావిడ ప్రేమకుమారి గారిని నేనే ఒకసారి అడిగాను.

"పెళ్లిచూపులకొచ్చి, కాఫీలో పంచదార ఎక్కువైందని మా నాన్న మొహం మీదే అన్నారండి. ఈయన అబద్ధమాడే రకం కాదని అప్పుడే ఒప్పేసుకున్నా. నిజంగానే ఎక్కువైంది లెండి, వేసింది నేనే" అందావిడ.

ఇక నా సంగతి. నా పేరు గిరిబాబు. బస్టాండుకి కాస్త అవతల ఉన్న పూజిత బార్ అండ్ రెస్టారెంట్‌కి మేనేజర్ని. పూజిత అంటే మా ఓనరు వీరరాఘవయ్య గారి కూతురు. పిల్ల పుట్టిన మురిపెంలో బార్‌కి ఆ పేరు పెట్టేశారు. ఇప్పుడా అమ్మాయి కాలేజీకొచ్చి, బోర్డు మీద తన పేరు తీస్తావా లేదా అని తండ్రితో రోజూ ఫోన్లో పోట్లాట. ఆయన రెడ్డిగూడెంలో మామిడితోటలు చూసుకుంటూ ఇటువైపు నెలకోసారి కూడా రారు. కాబట్టి ఇక్కడ పెత్తనమంతా నాదే అని నా నమ్మకం.

మా వంటింటికి మహారాణి మేరమ్మ. వినగడప ఊరి మనిషి. ఆవిడ చేసే చికెన్ వేపుడు కోసం ఎ.కొండూరు నుంచి కూడా బండ్లేసుకుని వస్తారు. జన్మలో మందు ముట్టనివాళ్లు కూడా మా వెనక గుమ్మం దగ్గర టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిలబడతారు. కరోనా రెండో విడతలో ఆవిడక్కూడా వచ్చి తగ్గింది. బార్లు మళ్లీ తెరిచాక ఆవిడ గరిటె పట్టుకుంటేనే మాకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే జోజప్ప గారు మాకు తగులుకున్నారు.

పదకొండున్నరకి, మేమింకా షట్టరెత్తి నీళ్లు చల్లుతుండగానే వచ్చి నాలుగో నంబరు టేబుల్ దగ్గర కూర్చునేవారు. మందు ఆదివారం చర్చి అయ్యాకే, అదీ ఒక్క బీరు. మిగతా రోజుల్లో భోజనం మాత్రమే.

"ఇవాళ ఏమేం వండారో అన్నీ తలా కాస్త పెట్టి తీసుకురా. మొదటి ప్లేటు నాదే. నాకంటే ముందు ఎవరికీ పెట్టకూడదు."

తీసుకెళ్లి ఎదురుగా పెడితే కళ్లు మూసుకుని ఒక్కొక్కటే నాలుక మీద వేసుకుని తిప్పుతారు. తర్వాత జేబులోంచి పెన్ను తీస్తారు. మా కౌంటరు పక్కన నైలాను తాడుతో కట్టిన ఫిర్యాదుల పుస్తకం ఒకటుంది. నేనొచ్చిన ఆరేళ్లలో అందులో రాసింది ముగ్గురే. ఒకడు ఎవరో అమ్మాయి పేరు రాశాడు, ఒకడు బావమరిదిని తిట్టాడు, మూడోవాడు రాస్తూ రాస్తూ నిద్రపోయాడు. జోజప్ప గారొచ్చాక దానికి నిజంగా పని దొరికింది.

"చికెన్ వేపుడులో ఉప్పు తక్కువ, గిన్నెకి రెండు చెంచాలు పడాలి. చేపల పులుసులో పులుపు చాలలేదు, ఇంకో నిమ్మకాయంత చింతపండు కావాలి. ఫ్యాను మూడో రెక్క మీద దుమ్ముంది. సోడాలో గ్యాసు బద్ధకంగా ఉంది." కింద సంతకం, తేదీ, టైము.

మేనేజర్నన్నాక ఆ మాత్రం దర్పం చూపించాలి కదా. పుస్తకం తాడు విప్పి, చంకన పెట్టుకుని వంటింటి మీదికి దండెత్తేవాణ్ని.

"మేరమ్మా! ఉప్పు తక్కువంట! ఏంటిది?"

"ఎంత తక్కువని రాశారండి?"

"ఎంతైతే ఏంటి, తక్కువంటే తక్కువే!"

"అది కాదు గిరిబాబు గారూ, ఎన్ని చెంచాలో చదవండి."

"రెండు."

"పులుపు సంగతేమన్నారండి? మసాలా పచ్చివాసనేమైనా ఉందన్నారా?"

పరీక్ష ఫలితాలు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగేది. చదివింది చదివినట్టు గిన్నెల్లో వేసేది. ఆహా, నేనంటే ఎంత భయం అనుకుని మీసం దువ్వుకుంటూ బయటికొచ్చేవాణ్ని. పన్నెండున్నరకి జనం వచ్చి, వేళ్లు నాకి, ఇంకో ప్లేటు చెప్పి, "మేరమ్మ చెయ్యే చెయ్యి" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఇంతమందికి నచ్చిన కూర ఈ ఒక్క మనిషికే ఎందుకు నచ్చదు?

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "సార్, జన్మకో శివరాత్రన్నట్టు, ఒక్కరోజు బాగుందని రాయండి. ఆ పుస్తకమైనా సంతోషిస్తుంది."

"బాగున్నదాన్ని రాయడం దేనికయ్యా? బస్సులో టికెట్టున్నవాడి పేరు ఎప్పుడైనా రాసుకున్నామా?" అన్నారు.

ఇంకోరోజు పుస్తకం దాచేశాను. టిష్యూ పేపరు మీద రాశారు. మర్నాడు టిష్యూలు కూడా దాచాను. నా సొంత న్యూస్‌పేపర్ తీసుకుని, దాని అంచు చుట్టూ గుండ్రంగా రాశారు. ఆ రోజు మేరమ్మ వంటింటి కిటికీలోంచి పదిసార్లు తొంగిచూసింది. పాపం, తిట్లు పడతాయని బెంగ కాబోలు అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ఒక గురువారం ఆయన రాలేదు. ఎ.కొండూరులో బంధువుల పెళ్లట, రెండు రోజులు ఉండరట. నాకు పండగే అయింది. టీవీలో పాటలు పెట్టించి, నాలుగో నంబరు టేబుల్ మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను.

ఒంటిగంట కాకముందే ప్లేట్లు వెనక్కి రావడం మొదలైంది.

"గిరిబాబు గారూ, సముద్రం నీళ్లతో గానీ వండారా?"

"ఏమండోయ్, పులుసులో అసలు ఉప్పే లేదు. మరిచిపోయారా, మానేశారా?"

"మాంసానికి ఇంత కారమేంటయ్యా? నా చెవుల్లోంచి పొగలొస్తున్నాయి!"

నేను వంటింట్లోకి పరుగెత్తాను. మేరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది, కళ్లనిండా నీళ్లు. "ఆ ఇన్‌స్పెక్టరు దిష్టి తగిలిందమ్మా" అన్నాను. రెండోరోజు కూడా అదే గోల. ఎవరో పుణ్యాత్ముడు రెడ్డిగూడేనికి ఫోన్ చేసి పెట్టాడు.

సాయంత్రానికల్లా వీరరాఘవయ్య గారు దిగారు. వస్తూనే ఫిర్యాదుల పుస్తకం తెరిచారు. తిప్పుతున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

"నాలుగొందలకి పైగా ఉన్నాయేంట్రా గిరీ! ఉప్పు, పులుపు, కారం! ఇన్నాళ్లూ గాడిదలు కాస్తున్నావా?"

"అదీ, అందరికీ బాగానే..."

"నోర్ముయ్. సోమవారం విజయవాడ నుంచి కొత్త వంటమాస్టరు వస్తాడు. మేరమ్మకి చెప్పేసెయ్."

చెప్పాను. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని, "మా అమ్మాయి షైని నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉందండి" అంది. అంతే, మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయింది. నాకు చాలా బాధేసింది. కానీ బాధపడే అధికారం తప్ప ఇంకే అధికారమూ లేదని ఆ రోజే తెలిసింది.

శనివారం పదకొండున్నరకి జోజప్ప గారు వచ్చి కూర్చున్నారు. కసి తీర్చుకునే అవకాశం కదా, ప్లేటు నేనే స్వయంగా తీసుకెళ్లి పెట్టాను.

"కంగ్రాట్స్ సార్! మీ కష్టం ఫలించింది. మేరమ్మని తీసేస్తున్నారు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఎవర్ని?"

"మేరమ్మనే. మా ఓనరు గారు మీ ఫిర్యాదులన్నీ చదివారు. అంతా మీ పుణ్యమే."

ఆయన గబగబా ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలీ నమలకుండానే, "బాగుంది" అన్నారు.

"ఏంటి సార్?"

"బాగుందయ్యా! చికెన్ బాగుంది, పులుసు బాగుంది. ఫ్యాను కూడా బాగుంది."

అప్పుడు కరెంటు లేదు. ఫ్యాను తిరగడం లేదు. ఆయన నుదురంతా చెమట. నాకు భయమేసి, "సార్, మంచినీళ్లు తాగండి, ఆటో పిలవమంటారా?" అన్నాను.

"ఆటో వద్దు గానీ ముందు నువ్వు కూర్చో" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. గొంతు తగ్గించి చెప్పారు. "కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ మేరమ్మకి రుచీ తెలియదు, వాసనా తెలియదు. మీ బార్ తెరిచిన మొదటిరోజు నేను తిన్న కూరలో ఉప్పే లేదు. కడిగేద్దామని వెనక గుమ్మం దగ్గరికెళ్తే, ఏడుస్తూ చెప్పింది. అలవాటు మీద వేస్తోంది గానీ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. వంటమనిషికి నాలుక పోయిందంటే ఎవరు పనిలో ఉంచుకుంటారు చెప్పు? నాకా లోపాలు పట్టడం తప్ప ఇంకో పని చేతకాదు. జనం రాకముందే వచ్చి పట్టిపెడతాను, సరిచేసుకోమన్నాను. నేను రాస్తే ఎవరికీ అనుమానం రాదు. నా నోరు సంగతి ఊరంతటికీ తెలుసు కదా."

"మరి మీరు రాసింది ఆవిడకి చేరేదెలా సార్?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "నువ్వున్నావుగా."

ఓరి నాయనోయ్! ఏడాదిన్నర పాటు నేను చేసిన మేనేజరుగిరీ అదన్నమాట. అక్కడి చీటీ తీసుకెళ్లి ఇక్కడ చదివిపెట్టడం. పైగా మీసం దువ్వుకోవడం! సిగ్గుతో నాకు చచ్చినంత పనైంది.

"రెండు రోజులు మానేసి పెళ్లికెలా వెళ్లారండీ?" అన్నాను ఉక్రోషంగా.

"వెళ్లకపోతే మా ఆవిడ ఊరుకుంటుందా? అక్కడ ఒక్క ముద్ద దిగలేదు, ఇక్కడేమవుతోందో అని. సాంబారు కూడా బాగాలేదనుకో."

జోజప్ప గారి చేత ఆ రోజు లోపాలు కూడా రాయించి, మేరమ్మకి చదివిపెట్టి, ఓనరు గారికి ఫోన్ చేశాను. భోజనాలవేళకి ఆయన వచ్చేసరికి హాలు సగం నిండింది. జోజప్ప గారు లేచి నిటారుగా నిలబడ్డారు.

"నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నానండి."

"అంటే అబద్ధాలు రాశారా?"

జోజప్ప గారు నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. "లేదండి. అన్నీ నిజాలే. అదే కదా వచ్చిన తంటా!"

ఇంతలో మేరమ్మ బయటికొచ్చి, చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు ఓనరు గారికి తనే చెప్పేసింది. చెప్పాక తల దించుకుని నిలబడింది. ఆయన ఒక ప్లేటు తెప్పించుకుని, వేపుడు కలుపుకుని తినడం మొదలుపెట్టారు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి ఆయన దవడల వైపే చూస్తున్నాం.

"వండింది?"

"నేనేనండి."

"రుచి చూసింది?"

"నేను" అన్నారు జోజప్ప గారు.

ఓనరు గారు చెయ్యి కడుక్కుని వచ్చారు. "ఊళ్లోవాళ్లు తింటున్నది ఈవిడ చెయ్యి, ఈయన నాలుక. ఇద్దర్లో ఎవరు లేకపోయినా నేను షట్టరు దించుకోవాల్సిందే. గిరీ, ఆ విజయవాడాయన్ని రావద్దని చెప్పు. మేరమ్మా, ఇందులో దాచుకోడానికేముంది? డాక్టరుకి చూపించుకో, నేను పంపిస్తాను."

హమ్మయ్య! మేరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. జోజప్ప గారు కుర్చీలో జారగిలబడ్డారు. నా గుండెల మీంచి ఇరవై కిలోల గిన్నె దించినట్టయింది.

"అయినా నువ్వు రోజూ ఇక్కడే తింటావు కదరా, నీకెప్పుడూ తెలియలేదా?" అన్నారు ఓనరు గారు నాతో.

"నేను మూడింటికి తింటానండి. అప్పటికి అన్నీ సరిగ్గానే ఉంటాయి."

డాక్టరు గారు లవంగం, నిమ్మతొక్క, యాలకులు పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నారట, మెల్లగా తిరిగొస్తుందన్నారట. మేరమ్మ పొయ్యి పక్కన మూడు గిన్నెల్లో పెట్టుకుని శ్రద్ధగా వాసన చూసేది. లవంగాలు పాతవని జోజప్ప గారు పుస్తకంలో రాశారు. అప్పట్నుంచి నేను ఆ రాతల్ని గట్టిగా కాకుండా, మర్యాదగా, చెంచాలతో సహా చదివేవాణ్ని.

నాలుగు నెలలు దాటింది. వానలు పట్టిన ఒకరోజు ఎప్పటిలాగే చదివాను. "రొయ్యల వేపుడులో ఉప్పు ఎక్కువ."

"ఎక్కువా?" అంది మేరమ్మ. ఒక రొయ్య తీసి నోట్లో వేసుకుంది. ఇంకొకటి వేసుకుంది. గరిటె చేత్తో పట్టుకునే విసవిసా హాల్లోకి నడిచింది. నేను వెనకాలే.

"ఎక్కువ కాలేదండి."

"అయింది" అన్నారు జోజప్ప గారు.

"కాలేదంటుంటే! ఉప్పు సరిగ్గా ఉంది. కరివేపాకు కాస్త మాడింది, కావాలంటే అది రాయండి!"

జోజప్ప గారు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. "వారం నుంచి రాయడానికి నాకేమీ దొరకట్లేదమ్మా. అనుమానమొచ్చి కావాలనే తప్పు రాశాను. నా జన్మకి ఇదొక్కటే దొంగ కంప్లయింటు. దొరికిపోయాను."

అప్పటికి గానీ మేరమ్మకి తనేం చేసిందో తెలియలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా నిలబడిపోయింది. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడం దేనికి! పక్క టేబుల్ వాళ్లు సంగతేంటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

"ఇంక నాకీ మొదటి ప్లేటు వద్దమ్మా" అన్నారు జోజప్ప గారు ప్లేటు పక్కకి జరుపుతూ.

మేరమ్మ గతుక్కుమంది. "అదేంటండి, రేపట్నుంచి రారా?"

"రాకుండా ఎక్కడికి పోతాను? కాకపోతే నాకు కారం పడదు తల్లీ. కడుపులో ఒకటే మంట. కారం ముట్టొద్దని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. రేపట్నుంచి కాస్త పెరుగన్నం పెట్టు."

మేరమ్మ గరిటె నా చేతిలో పెట్టేసి, "రేపటిదాకా ఎందుకండీ!" అంటూ పెరుగు కోసం లోపలికి పరుగెత్తింది.