అమ్మ కోసిన ఆకుకూర

ఆ ఏడాది మా వంటింట్లో పసుపు పడని వస్తువు లేదు. పాలల్లో పసుపు, మజ్జిగలో పసుపు, ఆఖరికి చపాతీ పిండిలో కూడా. పసుపులో ఉండే కుర్కుమిన్ మతిమరుపు జబ్బును ఆపుతుందని ఫోన్‌లో ఒకాయన చెప్పాడు. నేరేడు పండు రంగులోనే మందు ఉందని ఇంకొకాయన. ఇద్దరి మాటా విన్నాను. అమ్మ మాత్రం పసుపు పాల గ్లాసు చూసి, "నాకేమన్నా పెండ్లా మే, ఇంత పసుపు?" అంది.

అప్పటికి అమ్మకు మతి తప్పడం మొదలై రెండేళ్ళు. ఒక్కోరోజు నన్ను తన చెల్లెలనుకునేది. అనంతపురంలో డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "ఆకుకూరలు పెట్టండి, మంచిదే. చిన్నప్పటినుంచీ తినేవాళ్ళ మెదడుకు అవి కొంత కాపుదల ఇస్తాయంటారు. అయితే పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చేవి కావు." జీవితమంతా ఆకులే తిన్న మనిషికి ఈ జబ్బెందుకొచ్చిందని అడగాలనిపించింది. బయట ఇంకా చాలామంది ఉన్నారు, లేచి వచ్చేశాను. ఆయన మాటల్లో ఆకుకూరలు పెట్టమన్నది ఒక్కటే ఇంటిదాకా తెచ్చుకున్నాను.

అమ్మ కంబదూరు దగ్గర పల్లెలో కూలికి పోయేది. వేరుశనగ చేలో కలుపు తీస్తూ, తినే ఆకును మాత్రం ఒడిలో వేసుకునేది. గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు. సాయంత్రం ఆ ఒడి నేరుగా కుండలోకి ఒలికేది. అమ్మ తెచ్చిన ఆకును మళ్ళీ ఏరడం మా ఇంట్లో లేదు. ఒకసారి నాయన చేటలో పోసి చూడబోతే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు మేముంటున్న బుక్కరాయసముద్రంలో మా వీధి చివర ప్లాట్లు వేయని చేను ఒకటి మిగిలి ఉంది. నాలుగు చినుకులు పడి పచ్చబడితే, అమ్మను చేయి పట్టుకుని తీసుకుపోయాను. గట్టు మీద కూర్చోవడమే ఆలస్యం, ఆమె చేతులు కదిలాయి. చూడకుండానే చిదుముతోంది, ఒడిలో వేస్తోంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పసుపు పని చేసిందనే అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని.

ఇంటికొచ్చి అమ్మ అలసిపోయి పడుకుంది. ఆకు కడిగి, పొయ్యి మీద పప్పులో వేయబోతుంటే పక్కింటామె చక్కెర కోసం వచ్చింది. చిల్లులగిన్నెలోంచి ఒక ఆకు తీసి నలిపి వాసన చూసింది.

"ఏమక్కా, ఇది ఉమ్మెత్తాకు గదా! లేతది, పువ్వు రాలేదు. ఇది తింటే మనిషి ఉంటాదా?"

ఇద్దరం కూర్చుని ఏరాం. సగానికి సగం ఉమ్మెత్తే. నాకు ఏ ఆకు ఏదో తెలీదు. చదువుకునే పిల్లకు మట్టి పని ఎందుకని అమ్మ నన్నెప్పుడూ చేలోకి రానివ్వలేదు, నేనూ అడగలేదు. ఆమె రావడం ఇంకొక పది నిమిషాలు ఆలస్యమై ఉంటే మా అమ్మకు నా చేత్తోనే విషం పెట్టేదాన్ని.

"అవ్వకు చెప్పొద్దులేక్కా" అంది ఆమె. చెప్పే ధైర్యం నాకు మాత్రం ఉందా. అమ్మకు ఈ లోకంలో ఇంకా తనకు తెలుసనుకునే పని అదొక్కటే.

ఆకంతా గుంత తీసి పూడ్చి, రోడ్డు మీద తోటకూర రెండు కట్టలు కొనుక్కొచ్చాను. అప్పటినుంచి వారానికొకసారి ఇదే తంతు. ఆమె కోస్తుంది, నేను పూడుస్తాను, మళ్ళీ కొంటాను. అబద్ధం వండడం చాలా అలసట పని. కొన్నిసార్లు ఆమె మీద కోపం కూడా వస్తుంది, దాచడమెందుకు.

మొన్న సంగటిలో ఆ కొన్న తోటకూర పప్పే కలిపి పెడితే ఇష్టంగా తింది. మూతి తుడుచుకుంటూ నా వైపు చూసి, ఎన్నాళ్ళకో నన్ను నన్నుగానే గుర్తుపట్టింది.

"నీకు ఆకులు తెలీవు గదా పాపా. నేనుండంగానే నేర్చుకో. తెల్లారి చేనికి పోదాం, అన్నీ చూపిస్తా."

"సరేమ్మా" అన్నాను. తెల్లారి పోయాం. ఒక్కొక్క ఆకూ తుంచి చూపిస్తూ పేరు చెప్పింది. ఒక్క పేరూ నమ్మలేక, అన్నిటికీ తలూపుతూ ఆమె పక్కన కూర్చున్నాను.