చెరువుది కాని చుక్క

మైక్రోస్కోప్ కింద ఆ అమ్మాయి చూసిన నీటిచుక్క ఆమె తెచ్చిన నీళ్లది కాదు. ఈ ఒక్క మాట ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పుడు నేను పటమటలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. కాలేజీ మారింది గానీ ఇప్పుడూ అదే చెబుతున్నాను. కణం పాఠానికి ముందు పిల్లలకి ఏకకణ జీవుల్ని చూపించాలి. దానికి మా లెక్చరర్లందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. గుప్పెడు ఎండు వరిగడ్డి కాలువ నీళ్లలో నానేసి ల్యాబులో ఓ మూల పెట్టి మరిచిపోతాం. నీళ్లు కంపు కొట్టే వేళకి పారమీసియాలు కుప్పలుగా పెరిగి ఉంటాయి. ఏ చెరువు నీళ్లు మొండికేసినా గడ్డినీళ్లు మాత్రం ఎప్పుడూ పరువు నిలబెడతాయి.

ఆ ఏడాది ఎవరి ఊరి నీళ్లు వాళ్లని తెమ్మన్నాను. హాస్టల్లో ఉండి చదువుకునే ఈ అమ్మాయిది పామర్రు దగ్గర ఊరు. వాళ్ల నాన్న వరిచేను తవ్వించి కొత్తగా చేపల చెరువు వేశాడు. నీళ్లు పెట్టాడు గానీ చేపపిల్లల్ని ఇంకా వదల్లేదు.

"మా నాన్న చూపించుకు రమ్మన్నాడండీ, నీళ్లలో మేత పట్టిందో లేదో," అంటూ సీసా ఇచ్చింది.

ముందు నేనే చూశాను. ఏమీ లేదు. ఇంకో చుక్క వేశాను. కదలిక లేదు సరికదా, ఆకుపచ్చటి నలుసైనా లేదు. పక్క పొలాల పురుగుమందు నీళ్లు చేరి ఉంటాయని అప్పుడే అనిపించింది. వెనక పిల్లలు తోసుకుంటున్నారు, గంట కొట్టే వేళయింది. గాజుపలక తుడిచి, గడ్డినీళ్ల చుక్క వేసి, ఆ అమ్మాయినే ముందు పిలిచాను.

"అమ్మో, సార్! ఎన్ని ఉన్నాయండీ! పరిగెడుతున్నాయి!"

"మీ చేపలు మరీ చిక్కిపోయాయేంటే?" అంది వెనకున్న స్నేహితురాలు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నిజం చెప్పేయొచ్చు. చెప్పకుండా పాఠం అందుకున్నాను. ఈ ఒక్క కణాన్ని తిని బతికే పురుగు, పురుగుని తినే చేప, చేప కోసం వాలే కొంగ, చివరికి మనం. చెరువంటే ఇదంతా అన్నాను.

"అయితే చేపపిల్లల్ని వదిలేయొచ్చాండీ?"

"ప్రాణం ఉన్న నీళ్లేగా," అన్నాను.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసిందట. కొన్నాళ్లకి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

"చేపపిల్లలన్నీ తేలిపోయాయండీ. గట్టు పొడుగునా తెల్లగా కొట్టుకొచ్చాయంట. ప్రాణం ఉన్న నీళ్లే కదండీ, ఎందుకు చచ్చిపోయాయి?"

ఆక్సిజన్ తగ్గి ఉంటుందన్నాను. తెచ్చేటప్పుడు దెబ్బతిని ఉంటాయన్నాను. రెండూ జరగగలిగినవే కాబట్టి అబద్ధంలా వినిపించలేదు.

"మా నాన్న నన్నే తిడుతున్నాడండీ. నువ్వు చూసింది నీళ్లా, నీ మొహమా అని."

ఆ తర్వాత ఆమె క్లాసులో నోరు విప్పలేదు. మైక్రోస్కోప్ దగ్గరికి పిలిస్తే, "పక్కమ్మాయిని చూడమనండి సార్" అనేది. ఇంటర్ కాగానే చదువు మానేసిందని విన్నాను.

ఆ చెరువుని నేనెప్పుడూ చూడలేదు. అయినా కణం బొమ్మ గీద్దామని బోర్డు వైపు తిరిగితే అది అక్కడ ఉంటుంది. పొడుగ్గా గీసిన ప్రతి పారమీసియమూ వెల్లకిలా తేలిన చేపపిల్ల అయిపోతుంది. పిల్లలు ఆవరణ వ్యవస్థ నిర్వచనం ఒప్పజెబుతుంటే, గట్టుకి మెల్లగా తగిలే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఎంత కడిగినా చేతుల్లోంచి గడ్డినీళ్ల వాసన పోదు. తనకేమీ రావడం లేదంటుంది మా ఆవిడ.

ఈ ఏడాది ల్యాబులో గడ్డినీళ్ల సీసా చూసి ఒక విద్యార్థిని, "ఈ నీళ్లు ఎక్కడివండీ?" అంది. మామూలు ప్రశ్నే. నాకు మాత్రం ఆ చేపల చెరువు సీసా గుర్తొచ్చింది.

ఆ ఆదివారం చల్లపల్లి వెళ్లాను. పెళ్లయ్యాక ఆ పామర్రు అమ్మాయి అక్కడే ఉంటోందని, తండ్రి కూడా ఆమె దగ్గరే ఉన్నాడని పాత విద్యార్థి ఒకతను చెప్పాడు.

"నాన్నా, మా కాలేజీ సారు," అంది ఆమె, వరండాలో కుర్చీ వేస్తూ.

"చేపల సారేనా?" ఆయన నవ్వాడు. "కళ్లు మూసుకుని చూసిందండీ మా అమ్మాయి ఆ రోజు. నన్ను నిలువునా ముంచింది."

ఆ ఇంట్లో అది పాతబడిన హాస్యమని అర్థమైంది. ఆమె నవ్వలేదు. కాఫీ పెడతానంటూ లోపలికి వెళ్లబోతుంటే ఆగమన్నాను. ఆయన వినాలి, అదీ ఆమె ఎదుటే వినాలి.

"మీ అమ్మాయి సరిగ్గానే చూసిందండీ. చుక్క మార్చింది నేను. మీ నీళ్లలో ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసీ తనకి చెప్పలేదు. తర్వాత వచ్చి అడిగినప్పుడూ చెప్పలేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను ఆమె వైపు తిరిగాను.

"నా అబద్ధానికి ఇన్నేళ్లూ నువ్వు మాటలు పడ్డావు. తప్పు నాదమ్మా. నన్ను క్షమించు."