బుడగల కాపరి

నోట్లోంచి గాలిగొట్టం తీసి “అబ్బ, ఎంత బాగుందో!” అనబోయిన పెద్దమనిషి కట్టుడుపళ్ళు సముద్రంలో పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. డైవింగ్ గైడు బుడుంగున మునిగి, పగడాల మధ్య ఇకిలిస్తున్న ఆ పళ్ళను ఏరుకొచ్చి ఇచ్చింది. ఆయన వాటిని అక్కడే జాడించి పెట్టుకున్నాడు.

“మాట్లాడాలనుకుంటే పడవెక్కి మాట్లాడండి సార్!” అని పైనుంచి గర్జించాడు పడవ నడిపే సరంగు.

అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ ఉరుము అంటారు. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చిస్తారు, అదీ ఆ గొంతు. గైడు అతని మేనకోడలు. డైవింగు దుకాణం ఆమె తండ్రిది, అంటే ఉరుముకి బావది.

లంగరు వేస్తే పగడాలు విరుగుతాయని అక్కడ వెయ్యరు. కిందివాళ్ళు వదిలే ఊపిరి ఎక్కడ బుడగలై తేలితే అక్కడికి పడవను మెల్లగా జరుపుకుంటూ పోవాలి. బుడగలు తప్పిపోతే మనుషులు తప్పిపోయినట్టే. ముక్కు దురద పుట్టినా ఉరుము నీళ్ళమీంచి కళ్ళు తిప్పకుండానే గోక్కుంటాడు.

ఆ సాయంత్రం, ఆరేసిన రబ్బరు సూట్ల కింద నిలబడి, బావ కెమెరా అతని చేతిలో పెట్టాడు.

“పడవలో ఊరికే కూచుంటున్నావు కదా. రేపు నువ్వూ దూకి గెస్టులకి ఫొటోలు తియ్యి.”

“ఊరికేనా? ఆ మాట మళ్ళీ అను బావా!”

“అన్నా. బుడగలు చూడ్డానికి పట్టా కావాలా? నేను చూస్తాలే.”

“నువ్వు చూసేది ఫోను!”

“అరవకురా, గెస్టులు వింటున్నారు.”

“నాన్నా, కింద నేనుంటా. పైన మావయ్యే ఉండాలి,” అంది మేనకోడలు.

“అమ్మా, నువ్వూ వాడి పక్షమేనా?” అని బావ విసుక్కున్నాడు. దుకాణం ఆయనది, మాటా ఆయనదే.

మర్నాడు ఉరుము పళ్ళు నూరుతూ దూకాడు. మేనకోడలు పళ్ళాయన్నీ, ఆయన భార్యనీ వెంటబెట్టుకుని కిందికి దిగింది. అతను ఊపిరిగొట్టం పెట్టుకుని పైపైన ఈదుతూ ఉండిపోయాడు. కెమెరా మెడలో వేలాడుతూనే ఉంది. కళ్ళు బుడగలమీదే ఉన్నాయి. ఎంత తిట్టుకున్నా అలవాటు వదలదు కదా.

పడవలో బావ ఫోను మోగింది. గెస్టులను కొండ ఎక్కించే ఇంకో బేరమట. బావ నీళ్ళకు వీపు పెట్టి, కొండమీది జలపాతాన్ని ఖాళీ చేత్తో గాలిలో దూకించి మరీ వర్ణించాడు.

ఉరుము తల తిప్పేసరికి పడవ చెప్పుజోడంత కనబడింది. ప్రవాహం వీళ్ళను ఇటు లాగేస్తోంది, పడవ అటు పోతోంది. మేనకోడలు గెస్టులతో పైకి తేలి చుట్టూ చూసింది. “మావయ్యా, పడవేదీ?” అంది. ఎత్తుకు పెంచిన పిల్ల గొంతులో ఆ వణుకు అతను ఎన్నడూ వినలేదు. ఒళ్ళు మండిపోయింది.

“బావా! ఫోను పెట్టెయ్!”

ఆ తర్వాత అన్నవి అచ్చువెయ్యదగ్గవి కావు. బావ తల్లిదండ్రులను మాత్రం తిట్టకుండా వదిలేశాడు, ఎంతైనా అక్కకు అత్తమామలు. అలలమీద పిట్టలు లేచిపోయాయి. ఫోను బావ చేతిలోంచి జారింది. పడవ తిరిగింది.

అందరూ ఎక్కారు. కూతురు తండ్రివైపు చూడకుండా తువ్వాలు చుట్టుకుని కూచుంది. ఉరుము కెమెరా తీసి బావ మెడలో వేసి, చుక్కాని పట్టుకున్నాడు. బావ లేచి చోటిచ్చాడు.

రేవు చేరాక పళ్ళాయనకు ధైర్యం వచ్చింది. “ఫొటో ఒక్కటీ లేదండీ. పైగా చెవులు చిల్లులు పడేలా ఆ అరుపేమిటి?”

గెస్టు గొంతు వినగానే బావకు పాత బుద్ధి పుట్టుకొచ్చింది. “అవున్రా, అంత గట్టిగా అరవాలా?”

“మెల్లగా పిలిస్తే వినపడే దూరంలో పడవ ఉంచుంటే, మెల్లగానే పిలిచేవాణ్ణి బావా.”