కడపటి కంబం

మా బావ గురప్ప చింతామణిలో కరెంటు లైన్‌మేను. ఊరందరి ఇళ్లలో దీపాలు వెలిగించే మనిషి, దీపాలు పెట్టే వేళకు తన ఇంట్లో మాత్రం ఒక్కనాడూ ఉన్నవాడు కాదు. ఆయన ఇల్లు మిట్టేమరిలో. అక్కడ మా అక్క చౌడమ్మ కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతూ ఉండేది. పక్కన నేను. నా మొగుడు పోయాక నన్ను కడుపులో పెట్టుకుని చూసింది అక్కే కాబట్టి, నా పక్షం ఎవరిదో ముందే చెప్పేస్తున్నాను.

సర్కారు నియమం ఒకటి ఉండేది. దీపాలు వెలిగే వేళకు లైన్‌మేను ఊరి ఎల్ల దాటకూడదు. తీగ తెగినా, ఫ్యూజు పోయినా జనాన్ని చీకట్లో కూర్చోబెట్టకుండా వెంటనే బాగుచేయాలి. ఆలస్యమైతే ఎందుకైందో పైవాళ్లకు సంజాయిషీ ఇవ్వాలి. మంచి నియమమే, ఎవరు కాదన్నారు? ఆ మంచి నియమమే మా అక్కది పగటి కాపురం చేసింది. బావ పొద్దున బొగ్గుతో నడిచే బస్సులో వచ్చి, సంగటి ముద్ద తిని, మధ్యాహ్నం బస్సుకు పరుగెత్తేవాడు. పండగలకు అదీ లేదు. పండగనాడే కదా దీపాలెక్కువ!

అక్కే చింతామణికి పోయి ఉండొచ్చు కదా అంటారేమో. పురుగులు పెట్టిన ఇంటిని ఒక్క రాత్రి వదిలినా పురుగు దక్కదు. రాత్రీ పగలూ ఆకు వేయడం నా ఒక్కదాని వల్ల కాదు. ఇల్లు నడిచేది వాటి మీదే. పెళ్లయి ఎన్నేళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. ఊళ్లో ఆడవాళ్లు అక్క వెనకాల ఏవేవో గుసగుసలాడేవాళ్లు. బస్సు వేళల సంగతి వాళ్లకేం తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక కబురు వచ్చింది. చింతామణి నుంచి బాగేపల్లి దాకా తీగ లాగుతారట. మధ్యలో మిట్టేమరి దగ్గర ఒక లైన్‌మేనును పెడతారట. ఆ పని గురప్పకే ఇస్తామని బావ పైఅధికారి మాటిచ్చాడు. అడ్డు ఒక్కటే. చింతామణి తీగకు ఇంకో ఊరి బరువు మోసే సత్తా ఉందో లేదో చూడటానికి బెంగళూరు నుంచి ఎలక్ట్రిక్ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఊరి చివర, కడపటి కరెంటు కంబం దగ్గర మీటరు పెడతాడు. ఊళ్లో దీపాల బరువు పెరిగేకొద్దీ మీటరు ముల్లు కిందికి దిగుతుంది. ముల్లు ఎర్రగీత కిందికి దిగకపోతే మిట్టేమరికి కరెంటు. దిగితే లేదు.

ఆ మాట చెప్పడానికి వచ్చిన రోజు బావ ముఖం చూడాలి. పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

"ఇంగ రాత్రిపూట నీ చేతి ముద్ద తిని, ఈడనే పండుకుంటా చౌడమ్మా."

"ముందు రానీ. ఆమీద ముద్ద సంగతి," అంది అక్క ఆకు మీంచి తల ఎత్తకుండా. కానీ ఆ వారమే సంతలో కొత్త చాప కొనింది. నేను చూసి నవ్వితే నా వీపు మీద ఒకటేసింది.

బావ చింతామణిలో తీగలకు తగిలే చింతకొమ్మలు నరికించాడు. కంబాలెక్కి తీగలు ఆనే పింగాణీ గిన్నెలు తుడిచాడు. తీగ సంగతి అంతా చూసుకున్నాడు గానీ ఊరి సంగతి మరిచిపోయాడు.

మా వైపు ఇంటికొచ్చిన పెద్దమనిషికి చీకటి చూపించడం మహా తప్పు. చింతామణిలో లక్ష్మణప్ప అని శనక్కాయల నూనె మిల్లు పెట్టినాయన ఉండేవాడు, ఊరికి పెద్ద. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలియగానే దండోరా వేయించాడు. ప్రతి ఇంట్లో ఉన్న బల్బులన్నీ వెలగాలి. బజారుకు రంగు బల్బుల తోరణం కట్టించాడు. మిల్లు కూడా ఆపలేదు. తేరు పండగకు చేసినట్టే చేశాడు.

బావ పరుగెత్తుకుంటూ పోయి చేతులు జోడించాడు. "అప్పా, ఆయన దీపాలు చూసేదానికి రాలేదు. తీగ చూసేదానికి వస్తాండాడు. సగం ఆర్పించండప్పా."

"ఏం మాట్లాడతాండావు గురప్పా? అంత పెద్దాయన వస్తాంటే ఆర్పుకుని కూసుంటామా? వీళ్లకు కరెంటు వాడేది రాదు, వీళ్లకు ఇంకెందుకని రాసిపోడా? నీ ఊరికి తీగ రావల్లనే కదప్పా ఇదంతా చేస్తాండేది!"

ప్రేమతో గొంతు కోయడమంటే ఇదే. లక్ష్మణప్పను తిట్టాలన్నా నోరు రాదు.

కడపటి కంబం కాన్పుల ఆసుపత్రి ముందు ఉండేది. ఇన్‌స్పెక్టరు కేశవమూర్తి నెమ్మదైన మనిషి. మీటరు తగిలించి కంబం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పొద్దు వాలింది. ఊరంతా ఒక్కసారిగా దీపాలు వేసింది. ముల్లు దిగింది, ఎర్రగీత దాటి ఇంకా దిగింది. ఆసుపత్రి బల్బు నిప్పుకణికలా ఎర్రగా అయిపోయింది. లోపలినుంచి నర్సమ్మ అరుపు వినిపించింది.

"యాడ చచ్చినాడు ఆ లైన్‌మేను? బిడ్డ తల వచ్చింది, నా చెయ్యి నాకు కనపడేది లేదు! లాంతరన్నా ఎత్తుకురాండి ఎవరన్నా!"

బావే లాంతరు వెలిగించి తలుపు దాకా పట్టుకుపోయాడు. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది.

ఇన్‌స్పెక్టరు మీటరు పక్కన పెట్టి అన్నాడు. "గురప్పా, వీళ్లు నాకు మర్యాద చేశారు, అర్థమైంది. మామూలు రోజున ఇంత బరువు ఉండదు. రేపు కూడా ఉంటాను. ఊళ్లో మామూలుగా ఉండమని చెప్పు, మళ్లీ చూస్తాను. దానికి నియమం ఒప్పుకుంటుంది."

అవునంటే చాలు. మర్నాడు ముల్లు నిలబడేది, మా బావ ఇంటికి వచ్చేవాడు.

"వద్దు స్వామీ," అన్నాడు బావ. "తేరు దినం మళ్లా ఇట్లే ఏసుకుంటారు, దానిపైన మా ఊరి బరువు గూడా పడతాది. ఆ పొద్దు కూడా ఆసుపత్రి లోపల ఎవరో ఒకరు నొప్పులు పడతా ఉంటారు. ముందు లావు తీగ ఎయ్యండి. ఆమీద మా ఊరికి ఇయ్యండి."

లావు తీగకు రాగి కావాలి. రాగంతా యుద్ధానికి పోతోంది. అది దొరికి, మిట్టేమరికి కరెంటు వచ్చేసరికి మా అక్క తల నెరిసిపోయింది. బావ చేసింది తప్పని నేను అనలేను. అనలేకపోతున్నాననే నా మంట.

ఆ పరీక్ష అయ్యాక మిట్టేమరికి వచ్చినప్పుడు బావ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అక్క ఆకు తరుగుతూనే వింది.

"ఇంకో తూరి చూస్తానని ఆయనే అన్నాడు కదా?"

"అన్నాడు."

"నువ్వే వద్దంటివి."

"ఊఁ."

"ఆ బిడ్డ బతికిందా?"

"బతికింది. ఆడబిడ్డ."

అక్క కత్తిపీట మడిచి పక్కకు జరిపింది. "ఊరోళ్ల బిడ్డలకు దీపం కావల్ల. సరే. మనకో బిడ్డ కావల్లంటే నువ్వు రాత్రి ఇంట్లో ఉండల్ల కదా? ఆ లెక్క యాడ చూస్తారు, ఏ ముల్లు పెట్టి చూస్తారు?"

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. బావ లేవలేదు. మళ్లీ మోగింది. ఆ రోజు ఆయన ఉండిపోతాడనే అనుకున్నాను, ఉండిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

అక్కే లేచింది. కొక్కానికున్న తువ్వాలు తీసి ఆయన భుజం మీద వేసింది.

"పో. ఆ ఆసుపత్రిలో ఈ పొద్దు ఎవరు నొప్పులు పడతాండారో ఏమో," అంది.

ఆయన పోయాడు. బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా అక్క వాకిట్లోనే నిలబడింది.