కంపెనీ నాగలికి మా నాయన కర్రు

కడప కోర్టు పేరు ఎవరైనా ఎత్తితే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. ఎప్పటి సంగతో అది, ఇంకా ఎందుకే ఆ కోపం అని మా చెల్లెలు అంటూనే ఉంటుంది. తగ్గదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు. మా నాయనను నలుగురిలో నిలబెట్టి దొంగ అన్న చోటు అది. ఇంతకీ ఆయన దొంగిలించింది ఏమిటయ్యా అంటే రెండు బోల్టు చిల్లులు, ఒక సూర్యుడి బొమ్మ.

జమ్మలమడుగు పక్క రేగడి పల్లె మాది. మా నాయన ఊరి కమ్మరి. ఆయనకు కొడుకులు లేరు. మొగుడు పోయి నేను పుట్టింటికి తిరిగి వచ్చాక కొలిమి తిత్తి ఊదడం, సమ్మెట వేయడం నా పనులయ్యాయి. ఆడమనిషి సమ్మెట ఎత్తడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే, తర్వాత మొండిబారిన కొడవళ్లు పట్టుకుని మా కొట్టం ముందు గొంతుక్కూర్చునేవాళ్లు. మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను గనుక ఇదంతా రాయగలుగుతున్నాను. మా నాయనకు సంతకం కూడా రాదు.

రేగడి చేనులో గరిక పట్టిందంటే కొయ్య నాగలి దానిని ఏమీ చేయలేదు. పైపైన గీకి వదిలేస్తుంది. వేళ్లు లోపలే ఉండి మళ్లీ తల ఎత్తుతాయి. అందుకే మద్రాసులోని ఒక కంపెనీ ఇనుప నాగళ్లు పంపితే మా పక్క రైతులు ఎగబడి తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ప్రొద్దుటూరులో ఆ కంపెనీకి ఒక ఏజెంటు ఉండేవాడు. నాగలి మంచిదే, కాదనను. దాని కర్రుతోనే వచ్చింది తంటా. నేలలోకి దిగే ఇనుప మొన గదా కర్రు, ఆ కంపెనీ కర్రు పోత ఇనుముది. చేనులో రాయి తగిలితే పుటుక్కున విరిగేది. మన కర్రు మొండిబారితే కొలిమిలో కాల్చి సాగదీసుకుంటాం, పోత ఇనుము సాగదు. కొత్తది కొనవలసిందే. ఎడ్లబండి కట్టుకుని ప్రొద్దుటూరు పోతే ఏజెంటు, "సరుకు రాలేదప్పా, వచ్చే నెల రాండి" అనేవాడు. వానకు నేలలో పడిన పదును వచ్చే నెల దాకా ఆగుతుందా?

విరిగిన కర్రులు చంకన పెట్టుకుని రైతులు మా కొట్టానికి వచ్చారు. మా నాయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, పాత బండి పట్టా ఇనుము తెమ్మన్నాడు. కాల్చాం, సాగదీశాం, కంపెనీ నాగలికి సరిగ్గా కూర్చునేటట్టు రెండు చిల్లులు వేశాం. ఆ కర్రు రాయి తగిలితే వంగేదేగాని విరిగేది కాదు. వంగినదాన్ని తెస్తే నాలుగు దెబ్బలు వేసి ఇచ్చేవాళ్లం.

అంతటితో ఆగి ఉంటే ఏమయ్యేదో! కంపెనీ కర్రు మీద సూర్యుడి గుర్తు ఒకటి ఉండేది, చుట్టూ కిరణాలతో. అది కంపెనీ గుర్తు అని పల్లెలో ఎవరికి తెలుసు? ఏరువాక పున్నమి రోజు నాగలిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి గదా చేనులో దించేది. ఇనుప నాగలి వచ్చాక ఆ కుంకుమను సూర్యుడి బొమ్మ మీద పెట్టడం అలవాటయింది. మా నాయన చేసిన కర్రు మీద బొమ్మ లేకపోయేసరికి రైతులకు మనసొప్పలేదు. "ఏమప్పా ఆచారీ, ఏరువాక పూట దేవుడు లేని కర్రు ఎట్లా దించేది?" అని పోరు పెట్టారు. ఊరి చర్చిలో పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, రెండు చెక్కల పొలం ఉన్న రైతు. ఆయన ఇంట్లో పసుపూ లేదు, కుంకుమా లేదు. ఆయన కూడా వచ్చి, "మేం పూజలు చేయంలే గానీ, అందరి కర్రుకూ ఉండి నా కర్రుకు లేకుంటే బాగుండదు. నాకూ వెయ్యి" అన్నాడు. మా నాయన నవ్వి, ఉలి తీసుకుని అందరికీ సూర్యుడిని చెక్కి ఇచ్చాడు.

ఇదీ ఆయన చేసిన నేరం.

కోర్టు నోటీసు వచ్చిన రోజు దాన్ని చదివింది నేనే. కంపెనీ గుర్తును దొంగతనంగా వేసి, దొంగ కర్రులు అమ్మి, కంపెనీ వ్యాపారాన్ని దెబ్బ తీశాడట. నేను చదువుతుంటే మా నాయన పటకారు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. "అమ్మింది యాడమ్మా?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. పంట కళ్లానికి వచ్చినప్పుడు ప్రతి రైతూ రాశిలోంచి కమ్మరికి ఇంత అని గింజలు కొలిచి పోస్తాడు. అదే మేర. ఏడాది పొడుగునా ఆ ఇంటి ఇనుప పని కమ్మరిదే. పని ఎక్కువైనా తక్కువైనా మేర మేరే. మా నాయన పుట్టి బుద్ధెరిగి ఒక కర్రుకు ఇంత అని వెల కట్టి ఎరుగడు.

యర్రగుంట్లలో రైలెక్కి కడప పోయాం. మా నాయన ఉతికిన పంచె కట్టుకుని, తలకు పాగా చుట్టుకుని పెళ్లికి పోయినట్టు వచ్చాడు. చేసింది దాచుకునే పని కాదు గనుక జడ్జికి ఉన్నదున్నట్టు చెబితే సరిపోతుందని ఆయన నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. అయినా ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాను.

కంపెనీ వకీలు లేచి, "ఇట్లాంటి కర్రులు ఎన్ని అమ్మినావు?" అని అడిగాడు.

"ఒక్కటీ అమ్మలేదు సామీ."

కోర్టంతా నవ్వింది. "మరి ఊరికే ఇచ్చినావా?"

"ఊరికే ఎందుకిస్తా సామీ? మేర పోస్తారు గదా."

"అంటే అమ్మినట్టే గదా?"

"అమ్మినట్టు కాదు సామీ. కర్రు చేసినా పోస్తారు, చేయకున్నా పోస్తారు."

వకీలు జడ్జి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మళ్లీ నవ్వారు. మేము పెట్టుకున్న వకీలు పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. లేచి మేర అంటే ఏమిటో జడ్జికి నాలుగు మాటల్లో చెప్పి ఉంటే ఏం పోయేది? ఆ వకీలుకు మా వ్యవహారం పావలా విలువ కూడా చేయలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే, ఇప్పుడు కనబడినా నిలబెట్టి అడుగుతాను.

బొమ్మ సంగతి వచ్చింది. రైతులు పూజకు అడిగారని మా నాయన చెప్పాడు. పూజకు వేరే బొమ్మ వేయకూడదా, ఇదే ఎందుకు వేసినావని వకీలు గద్దించాడు. "వాళ్లు దండం పెట్టేది దీనికే గదా సామీ" అన్నాడు మా నాయన. అంతకన్నా నిజమైన జవాబు ఆ కోర్టులో ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు. జడ్జి మాత్రం తల అడ్డంగా ఆడించి రాసుకున్నాడు.

మా తరఫు సాక్షి చర్చి పెద్దమనిషి. అబద్ధం ఆడడని ఊరంతా పేరు. బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాడు. కంపెనీ వకీలు రెండు కర్రులు చూపించి, "ఇందులో కంపెనీది ఏది, ఈ ఆచారిది ఏది?" అన్నాడు.

ఆయన రెంటినీ ఎత్తి చూశాడు. ఆయనకు తెలియక కాదు. రాయి మీద తాటిస్తే మోతను బట్టి చెప్పగలడు, మా కొట్టంలో ఎన్నిసార్లు చెప్పాడో! కానీ కోర్టులో, అంతమంది ముందర, మా ఊరి ఆచారి పనితనాన్ని పరీక్షకు పెట్టారని అనుకున్నాడు. ఛాతీ విరుచుకుని, "ఏమీ తేడా లేదు సామీ. ఇది కంపెనీ కర్రే. కంపెనీ దొరలే వచ్చి చూసినా కనుక్కోలేరు. మా ఆచారి పని అట్లాంటిది" అన్నాడు. అని, మెచ్చుకున్నాను చూడమన్నట్టు మా నాయన వైపు చూశాడు. వెనక కూర్చున్న మా ఊరివాళ్లంతా అవునవునని తలలు ఊపారు. మా పక్క పనివాడికి అంతకన్నా పెద్ద మెప్పు లేదు మరి.

కంపెనీ వకీలు ఇంక ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది. కంపెనీదని నమ్మించి జనాన్ని మోసం చేశాడనడానికి, ఆ జనమే సాక్ష్యం చెప్పారు గదా. మాది విరగదు, వాళ్లది విరుగుతుంది అన్న ఒక్క ముక్క ఎవరి నోటా రాలేదు. అడిగినదానికే జవాబు చెప్పమన్నాడట మా వకీలు.

జుల్మానా వేశారు. దానికి నాకు కోపం లేదు. ఇకమీదట ఆ నాగలికి కర్రు చేయనని, బొమ్మ వేసి గాని వేయకుండా గాని చేయనని మా నాయన చేత వేలిముద్ర వేయించారు. బొమ్మ కంపెనీది, సరే. చిల్లులు కూడా కంపెనీవేనట! చిల్లికి కూడా సొంతదారు ఉంటాడని నాకు కడపలోనే తెలిసింది. చేను రైతుది, డబ్బు పెట్టి కొన్న నాగలి రైతుది, ఇనుము మాది, చెమట మాది. మధ్యలో రెండు చిల్లులు మాత్రం మద్రాసు వాళ్లవి.

సాక్ష్యానికి పట్టుకొచ్చిన మా కర్రులను కోర్టు ఆవరణలో పాడు చేయమన్నారు. జవాను సుత్తితో బాదాడు, అవి వంగాయేగాని విరగలేదు. ఎండలో చెమటలు కక్కి, "నువ్వే చెయ్యప్పా ఇది" అని సుత్తి మా నాయన చేతికి ఇచ్చాడు. ఆయన కూర్చుని, ఒక్కొక్కటే బండ మీద పెట్టి, ఉలి ఆనించి, శుభ్రంగా రెండేసి ముక్కలు చేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ సుత్తి లాక్కుని ఎవరి నెత్తిన వేయాలో తెలియక పళ్లు కొరుక్కున్నాను. తిరుగు రైల్లో, "ఒక్క మాటన్నా అనకపోతివి" అని ఆయననే కసిరాను. "ఎవురిననేదమ్మా?" అన్నాడు. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే వచ్చింది.

తర్వాత మాకు కొడవళ్లు, గొడ్డళ్లు, బండి పట్టాలు మిగిలాయి. కళ్లంలో రైతులు ఎప్పటి మేర పోయబోతే మా నాయన మధ్యలోనే చేయి అడ్డం పెట్టేవాడు. కర్రు చేయని కమ్మరికి ఇంత వద్దనేవాడు. ఎన్నడూ నడుము వంచనివాడు కళ్లంలో తల దించుకుని నిలబడేవాడు.

యుద్ధం వచ్చింది. ఇనుమంతా దానికే పోయింది. కంపెనీ కర్రులు రావడం ఆగిపోయింది. ఊళ్లో ఇనుప నాగళ్లు గోడలకు ఆనించి పడి ఉన్నాయి. అప్పుడు దిగాడు ప్రొద్దుటూరు ఏజెంటు, జట్కాలో, మా కొట్టం ముందర.

"ఏమప్పా ఆచారీ, బాగుండావా? రైతులు నా అంగడి మీద పడి తిడతాండారు. నువ్వు శానా బాగా చేస్తావు గదా, కర్రులు చేసియ్యి. ఇదిగో, అచ్చు కూడా నేనే తెచ్చినా" అని గుడ్డలోంచి సూర్యుడి అచ్చు తీసి చూపించాడు.

"చేయనని వేలిముద్ర వేసినా గదా సామీ" అన్నాడు మా నాయన.

"అది నేను చూసుకుంటాలే."

నేను తిత్తి వదిలేసి లేచాను. "రైతులకు ఎవురి కర్రని చెప్తావు?" అని అడిగాను.

"కంపెనీదనే."

"మా నాయన వేస్తే దొంగ బొమ్మ, నువ్వు వేయిస్తే దొర బొమ్మనా? కోర్టులో నిలబడి దొంగ అంటిరే, ఇప్పుడు ప్రొద్దుటూరు బజారులో నిలబడి ఈ కర్రు చేసింది ఈ ఆచారి అని చెప్పు. చెప్తే ఊదుతా తిత్తి. లేదంటే జట్కా ఎక్కు."

"ఆడోళ్లతో నాకేం మాట?" అని ఆయన మా నాయన వైపు తిరిగాడు. మా నాయన ఆ అచ్చును మళ్లీ గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టి, "పోయి రా సామీ" అన్నాడు. సామీ అట! అంత జరిగాక కూడా సామీ! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మర్నాడు చర్చి పెద్దమనిషి విరిగిన కర్రు చంకన పెట్టుకుని వచ్చాడు. "వాన పడిందప్పా. గరిక మోకాలికి వచ్చుండాది. బొమ్మ వద్దు, ఏమీ వద్దు. రెండు చిల్లులు వేసియ్యి చాలు" అన్నాడు. నేను తిత్తి దగ్గర కూర్చున్నాను. ఈయనకైతే కోర్టునూ కంపెనీనీ గంగలో కలిపి ఊదడానికి నేను సిద్ధమే.

మా నాయన ఆయన ముఖంలోకి చూసి, "అది కంపెనీ కర్రేనని ప్రమాణం చేసి చెప్పింది నువ్వే గదప్పా? పో, కంపెనీ కాడికే పో" అన్నాడు.

ఆ మనిషి విరిగిన కర్రును మళ్లీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మా నాయన నిప్పుల వైపు తిరిగి, ఏ ఇనుమూ లేని పటకారు పట్టుకుని కూర్చున్నాడు.

ఆయనకు కోపం రావాలని నేను ఎన్నాళ్లు కోరుకున్నానో! వచ్చింది. జట్కాలో వచ్చినవాడి మీద రాలేదు, వకీలు మీద రాలేదు. మన అనుకుని వాన పడగానే మా గడపకు వచ్చిన రైతు మీద వచ్చింది. మా కొట్టంలోంచి ఊరి మనిషి ఒకరు పని కాకుండా తిరిగిపోవడం నేను చూసింది అదే మొదటిసారి. కర్రు పోతే పోయింది, కడపలో పరువు పోతే పోయింది. మా నాయన నోట ఆ మాట రప్పించారు చూడండి, దానికి మాత్రం ఆ కంపెనీని నేను చచ్చేదాకా క్షమించను.