నా వంతు ఒక్క స్వరం

మా గురువుగారిది ఆర్మేనియా. పల్లెటూరి పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ దుదుక్ ఊదుతూ పెరిగి, యెరెవాన్‌లో సంగీతం పంతులై, చివరికి మ్యూనిక్‌లో మా ఇంటి దగ్గరి మ్యూజిక్‌షూలే అనే సంగీత బడిలో పాఠాలు చెబుతూ స్థిరపడ్డారు. దుదుక్ అంటే మన సన్నాయికి దూరపు చుట్టం. ఖుబానీ, అంటే ఆప్రికాట్, చెట్టు కర్రతో చేస్తారు. ఖుబానీ కా మీఠా తినడం తప్ప ఆ చెట్టు సంగతి ఎరగని హైదరాబాదీని నేను. మొదటిరోజు ఆయన ఊదింది విని, సిగ్గు లేకుండా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

అయితే దుదుక్ ఒక్కరు వాయించేది కాదు. ఒకరు పాట ఊదుతుంటే పక్కన ఇంకొకరు, బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో ఊపిరి పీలుస్తూ, ఒకే స్వరాన్ని తెగకుండా పట్టుకోవాలి. దాన్ని 'దమ్' అంటారు. శిష్యులకు ఏళ్ళ తరబడి అదే పని. మావారు ఊరుకుంటారా! "ఇన్నేండ్లు నేర్సుకొని ఒక్క ఊఁ అనుడేనా?" అనేవారు. ఒళ్ళు మండేది.

దానికి తోడు నాదో జబ్బు. పాటలో మంచి మెలిక ఒకటి తిరగగానే నా నోట "ఆహా!" అని వచ్చేసేది. ఇంకేముంది, దమ్ తెగేది. కచేరీలు వింటూ పెరిగిన నోరు మరి! గురువుగారు తల పట్టుకునేవారు.

"ఆహా అనడానికి జనం ఉన్నారు. నువ్వు నా కాళ్ళ కింద నేలవి, తల్లీ. కదలకు."

పోయిన చలికాలం ఆయనకు ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది. డాక్టర్లు ఇక ఊదొద్దన్నారు. ఆయన మాత్రం వాళ్ళమ్మ పాడిన పాట ఒక్కటి జనం ముందు ఊది మానేస్తానని పట్టుబట్టారు. పక్కన నన్నే కూర్చోమన్నారు. "నేను మధ్యలో ఆగినా నువ్వు ఆగకు. దమ్ తెగితే పాట అక్కడికి అయిపోయినట్టే," అన్నారు.

చర్చి హాలు నిండిపోయింది. ఆయన పాట ఎత్తుకున్నారు. అబ్బ, ఆ సగం ఊపిరితోనే ఏం ఊదారండీ! ఆహా నా గొంతుదాకా వచ్చింది. మింగేశాను. పాట పైకెక్కే చోట ఆయనకు దగ్గు తెర వచ్చింది. దుదుక్ ఒళ్ళో పెట్టేసుకున్నారు. హాల్లో నా ఒక్క స్వరమే మిగిలింది. బుగ్గలు నొప్పెడుతున్నాయి, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నేను ఆపలేదు. ఆయన మళ్ళీ ఎత్తుకుంటారని అందరూ చూస్తున్నారు. ఎత్తుకోలేదు. కళ్ళు మూసుకుని, నా వైపు చెవి వంచి, ఆ స్వరాన్నే చాలాసేపు విన్నారు.

తర్వాత మెల్లిగా, అచ్చం నాలాగే, "ఆహా" అన్నారు.